మీ దేవుడికి ఇంకా వినపడలేదా అని నవ్వుతుంటే

సిస్టర్, మీ ఉత్తరం చదివాను. మీ ఆయనకి పక్షవాతం వచ్చి ఏడాదిగా మంచం మీదే ఉన్నారు, మాట కూడా రావట్లేదు, మీరు పక్కన మోకాళ్ళూని ప్రార్థన చేసుకుంటుంటే మీ ఆడపడుచు గుమ్మంలో నిలబడి "మీ దేవుడికి ఇంకా వినపడలేదా" అని నవ్వుతుంది, సంఘంలో ఒక పెద్దాయనేమో దాచిన పాపం ఏదో ఉంది ఒప్పుకో, విశ్వాసం ఉంటే మందులెందుకు అన్నారు. ఈ శ్రమకి అర్థం ఏంటి బ్రదర్ అని అడిగారు.

ముందు ఆ పెద్దాయన మాట సంగతి చూద్దాం, ఆడపడుచు నవ్వుకన్నా అదే మిమ్మల్ని ఎక్కువ తినేస్తుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు కూడా అదే అడిగారు కదా, పాపం చేసింది వీడా, వీడి కన్నవాళ్ళా అని, ఇద్దరూ కాదన్నాడు యేసు, యోహాను 9లో ఉంది చూడండి. బైబిల్లో పిల్లల్నీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు ఉన్నాడే, ఆయన స్నేహితులు కూడా ఏడు రోజులు ఏం మాట్లాడకుండా అతనితో నేలమీద కూర్చున్నంతసేపు బానే ఉన్నారు, నోరు తెరిచి నువ్వేదో చేసే ఉంటావ్ అన్నాకే పాడైంది, చివర్లో దేవుడు కోప్పడింది వాళ్ళమీదే. మందులు, ఫిజియోథెరపీ ఎవరు చెప్పినా ఆపొద్దు సిస్టర్, ఇది గట్టిగా చెప్తున్నా.

ఇక అర్థం అంటారా, యోబుకి కూడా దేవుడు కారణం చెప్పలేదు, కానీ వచ్చి మాట్లాడాడు. మీ ఆడపడుచు అన్న మాట సిలువ దగ్గర కూడా వినపడింది, దేవుణ్ణి నమ్ముకున్నాడుగా, ఇష్టుడైతే ఇప్పుడు తప్పించమనండి అని ప్రధాన యాజకులు యేసుని ఎగతాళి చేశారు, మత్తయి 27. ఆ పూట ఆయన దిగి రాలేదు, వాళ్ళ నోళ్ళూ మూతపడలేదు, పైగా నా దేవా నన్నెందుకు చెయ్యి విడిచావు అని కేక పెట్టాడు, అది 22వ కీర్తన మొదటి మాట. అంటే మీరు రాత్రిళ్ళు ఎందుకిలా చేశావు ప్రభువా అని ఏడుస్తున్నారే, అది అవిశ్వాసం కాదు, ఆయన కూడా అలాగే ప్రార్థించాడు. నాకైతే మీ శ్రమలో ఇంతకన్నా పెద్ద అర్థం వెతకాలనిపించదు, మిమ్మల్ని చూసి నవ్వుతుంటే ఎలా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు, ఆయన మీ పక్కనే ఉన్నాడు.

అలాగని అన్నీ నోరు మూసుకుని పడాలని కాదు. విచారణలో ఒక బంట్రోతు చెంపమీద కొడితే యేసు ఊరుకోలేదు, నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేంటో చెప్పు, మంచే మాట్లాడితే ఎందుకు కొడతావ్ అని అడిగాడు, తిట్టలేదు, తిరిగి కొట్టలేదు, అడిగాడంతే. మీరూ ఆవిడ్ని పక్కకి పిలిచి, "వదినా, నన్నేమన్నా అను, మా ఆయన ముందు మాత్రం అనకు, ఆయనకి వినపడుతుంది" అని చెప్పండి. నిజంగానే మాట పోయినా చాలామందికి ఎదుటివాళ్ళు అనేది అర్థమవుతుంది, తిరిగి చెప్పలేరంతే. ఆవిడ కూడా తోబుట్టువుని అలా చూడలేక ఆ బాధ మీ మీద కక్కుతుందేమో, అది కూడా ఆలోచించండి.

ఇంకోటి, మీరు సరిగ్గా తినట్లేదు, నిద్ర లేదు అని చివర్లో ఒక్క లైన్ రాసి వదిలేశారు. ముందు మీ గురించి డాక్టర్‌కి చెప్పండి. పాస్టర్ గారిని మొహమాటం లేకుండా అడగండి, వారంలో ఒక పూట ఎవరైనా వచ్చి మీ ఆయన దగ్గర కూర్చుంటే చాలు, ఆ టైంలో మీరు పడుకోండి.