వై నది ఒడ్డున చిన్న క్యారవాన్ సైట్: అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

సందేహం: మేం యూకే వచ్చి ఏడాదిన్నర అయింది. ఏప్రిల్‌లో అమ్మానాన్నలు వస్తున్నారు. మోటార్‌హోమ్ (లోపలే పడకలు, వంటిల్లు ఉండే బండి) అద్దెకు తీసుకుని, హియర్‌ఫర్డ్‌షైర్‌లో వై నది పక్కన ఓ చిన్న సైట్‌లో రెండు రాత్రులు ఉందామనుకుంటున్నాం. అక్కడ టాయిలెట్లు, షవర్లు లేవట. పెద్దవాళ్లకు ఇబ్బంది అవుతుందా?

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. మా అమ్మానాన్నలు ఈ దేశంలో చూసినవాటిలో ఇప్పటికీ తలుచుకునేది ఆ నది ఒడ్డునే. కాకపోతే అక్కడ ఏముంటుందో, ఏముండదో ముందే తెలిసి వెళ్లాలి.

ముందు లైసెన్స్ సంగతి. ఇండియా లైసెన్స్ మీద ఇక్కడ స్థిరపడ్డాక 12 నెలలే నడపనిస్తారు. మీకు ఆ గడువు దాటిపోయింది కాబట్టి యూకే లైసెన్స్ ఉండాల్సిందే. బండి కూడా 3,500 కిలోలు మించనిదే తీసుకోండి.

మీరు చెప్పేలాంటి సైట్లను ఎక్కువగా ‘సీఎల్’ (సర్టిఫికేటెడ్ లొకేషన్) అంటారు. ఓ రైతు తన పొలంలో ఒక మూల ఐదు బళ్లకు మించకుండా చోటిస్తాడు. క్యారవాన్ అండ్ మోటార్‌హోమ్ క్లబ్ సభ్యులకే ప్రవేశం. ఒక కుళాయి, టాయిలెట్ క్యాసెట్ (బండిలోని టాయిలెట్ కింద మలమూత్రాలు చేరే, బయటికి తీయగలిగే డబ్బా) ఖాళీ చేసే చోటు ఉంటాయి. కొన్నిచోట్ల కరెంటు ఉంటుంది. అంతే. అంటే టాయిలెట్ మీ బండిలోనే ఉండాలి. బుక్ చేసేటప్పుడే బండి కొలతలు, లోపలి టాయిలెట్ గురించి అడగండి. క్యాసెట్‌లో వేసే మందు ఆకుపచ్చదే కొనండి. పొలాల్లో చాలాచోట్ల సెప్టిక్ ట్యాంకులే కాబట్టి నీలం మందు వద్దంటారు. నలుగురు వాడితే క్యాసెట్ ఒకట్రెండు రోజుల్లో నిండిపోతుంది. దాన్ని రోజూ పొద్దున్నే ఖాళీ చేసే పని మీరే పెట్టుకోండి. నాన్నగారు చేస్తానన్నా చేయనివ్వకండి, బరువుంటుంది.

కరెంటు 10 ఆంప్స్ అంటే 2,300 వాట్లు. ఇంట్లో వాడే కెటిల్ ఒక్కటే 2,000 పైన లాగేస్తుంది. దానికి తోడు రైస్ కుక్కర్ పెడితే ట్రిప్ అవుతుంది. అన్నం గ్యాస్ మీదే వండుకోండి. మొదటి రోజుకి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తే అమ్మగారికి పనే ఉండదు. తాలింపు మాత్రం బండి లోపల వద్దు. ఆ వాసన పరదాలకీ, పరుపులకీ పట్టేస్తే వదలదు. బయట చిన్న స్టవ్ మీద వేసుకోండి. బొగ్గుల పొయ్యి ఆరిపోయిందనుకుని చలికి లోపల పెట్టుకోవడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణాలు తీస్తుంది.

గిన్నెలు తోమిన నీళ్లు బండి కింద వేరే ట్యాంకులో పడతాయి. వాటిని గడ్డి మీద గానీ, నదిలో గానీ వదలకూడదు. పప్పు, నూనె అంటిన కంచాల్ని ముందు కాగితంతో తుడిచేసి కడగండి. ఆ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలో యజమానిని అడిగితే చూపిస్తారు. స్నానానికి మాత్రం బండిలోని షవర్ కన్నా మన బకెట్టు, చెంబే నయం. వేడినీళ్ల ట్యాంకు చిన్నది. షవర్ కింద నిలబడితే రెండోవాళ్లకు చన్నీళ్లే మిగులుతాయి.

ఇక నది. వై వేల్స్ కొండల్లో ప్లిన్‌లిమన్ దగ్గర పుట్టి హే, హియర్‌ఫర్డ్, రాస్ అనే ఊళ్ల మీదుగా వస్తుంది. మీరున్న చోట చినుకు పడకపోయినా పైన కురిస్తే ఇక్కడ నీళ్లు పెరుగుతాయి. మా నాన్నది భద్రాచలం దగ్గరి ఊరు. ఆయన సాయంత్రం నది అంచున కర్ర ఒకటి పాతారు. ఎందుకంటే నవ్వి ఊరుకున్నారు. రాత్రంతా నక్షత్రాలే, వాన లేదు. తెల్లారి చూస్తే ఆ కర్ర ఒడ్డుకి మూడడుగుల అవతల, బురద రంగు నీళ్లలో వణుకుతోంది. “పైన కురిసిందిరా, బండి తీయి” అన్నారు. గడ్డి ఇంకా గట్టిగా ఉండగానే తీసి గేటు దగ్గరి మెరకకి మార్చాం. ఆ రోజు మధ్యాహ్నానికి మేం రాత్రి పడుకున్న చోట నీళ్లు నిలిచాయి.

భద్రాచలంలో 43, 48, 53 అడుగులకు మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు కదా, ఇక్కడా మూడే: ఫ్లడ్ అలర్ట్, ఫ్లడ్ వార్నింగ్, సివియర్ ఫ్లడ్ వార్నింగ్. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో నది మట్టం కనిపిస్తుంది. మీ సైట్ ఒక్కటే కాదు, ఎగువన హే దగ్గర ఎంతుందో కూడా బయల్దేరే ముందు చూడండి. పొలంలో సిగ్నల్ ఉండకపోవచ్చు. అందుకే యజమాని ఇంటి నంబరు కాగితం మీద రాసుకోండి, రాత్రి నీళ్లొస్తే ఎటు వెళ్లాలో వెలుతురుండగానే అడిగిపెట్టుకోండి. అంచునే చోటు ఖాళీగా ఉన్నా మెరక మీదే ఆపండి, ముందు చక్రాలు బయటికెళ్లే దారివైపు ఉండేలా.

నదిని చూడగానే అమ్మగారు కాళ్లు కడుక్కుని, నీళ్లు నెత్తిన చల్లుకుంటానంటారు. వద్దనకండి. కానీ రాళ్లకు నాచు ఉంటుంది, ఏప్రిల్‌లో ఆ నీళ్లు ఒళ్లు కొయ్యబారేంత చల్లన. మీరు చెంబుతో ముంచి తెచ్చి చేతికివ్వండి, ఆవిడ కుర్చీలోంచి లేవనక్కర్లేదు.