‘ఆయనొచ్చారు’: మేం పుట్టించుకున్న మాట

మనసులో లేని మాటలకి, పైపై ప్రేమలకి మీరు సొంతంగా పెట్టుకున్న పేర్లు ఏమైనా ఉన్నాయా అని ఒకరు అడిగారు. నాకూ, నాతో పనిచేసిన ఒకావిడకీ కలిపి ఒకటుంది: ‘ఆయనొచ్చారు’. అది ఎలా పుట్టిందో చెప్తే తప్ప అర్థం కాదు.

ఆవిడని నేను అక్కా అని పిలిచేదాన్ని. పదకొండేళ్ళ తర్వాత ఆవిడ ఉద్యోగం మానేశారు. చివరి రోజు అందరినీ పిలిచి, పై అధికారి ఆమెకి లామినేషన్ చేసిన కాగితం ఒకటి ఇచ్చి, పైకి చదవమన్నారు. పేరు బంగారు రంగులో ఉంది. ‘ఎప్పుడూ చిరునవ్వుతో పలకరించేవారు, ఎంత ఒత్తిడిలోనూ సహనం కోల్పోయేవారు కారు’ అంటూ బాగానే సాగింది. అక్క గొంతు కూడా కాస్త వణికింది. తర్వాతి వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగి, ‘ఆవిడ లేని లోటు తీర్చలేనిది’ అని చదివేసి నవ్వారు. నేను పక్కనే ఉన్నాను, కాగితం నాకు కనిపిస్తోంది. అందులో ఉన్నది ‘ఆవిడ’ కాదు, ‘ఆయన’.

మర్యాదగా రాస్తే మన క్రియల్లో ఆడా మగా తేడా తెలియదు కదా. ‘పలకరించేవారు’ ఎవరికైనా సరిపోతుంది. అందుకే పైన పేరు మారిస్తే చాలనుకున్నారు, ఆ ఒక్క ‘ఆయన’ మిగిలిపోయింది. ఆరు నెలల ముందు మానేసిన ఇంకొకాయనకి ఇచ్చిందీ అదే కాగితం. అప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఏంటంటే, ఇచ్చినాయన పరువు పోకూడదని అక్క అక్కడికక్కడే ఆ మాట దిద్దుకుని చదవడం. బయటికొచ్చాక ఒక్కటే అన్నారు: “పదకొండేళ్ళలో నా గురించి పేరు తప్ప వాళ్ళకి రాయడానికి ఇంకేం దొరకలేదన్నమాట.”

అప్పటినుంచి ఎవరైనా అందరికీ పంపేదే మనకీ పంపితే, “ఇదిగో, ఆయనొచ్చారు” అనుకుంటాం. పుట్టినరోజు శుభాకాంక్షల్లో, క్షమాపణల్లో, ‘మీరు మాకు చాలా ముఖ్యం’ అనే మెయిల్స్‌లో, అన్నిటిలోనూ ఆయన ఉంటారు.

అసలు దీనికి కొత్త మాటెందుకు, ‘ఫేక్’ ఉంది కదా అంటారు కొందరు. నాకు ఆ మాటంటేనే చిరాకు. దొంగనోటూ ఫేకే, అబద్ధపు వార్తా ఫేకే, మొహమాటానికి నవ్వే నవ్వూ ఫేకేనా? మనకి ఇచ్చకాలు, బడాయి, భేషజం, మొసలి కన్నీరు, కాకా పట్టడం, బిల్డప్ ఇవ్వడం అని ఎన్ని లేవు! దేని రంగు దానిదే. కానీ వాటన్నిటిలో అవతలివాడు ఎంతో కొంత కష్టపడతాడు. కాకా పట్టేవాడు మనకి ఏది నచ్చుతుందో కనుక్కుంటాడు, పనికోసమైనా మనవైపు చూస్తాడు. ఇప్పటి నకిలీతనంలో ఆ చూపు కూడా లేదు. 2016లో ఫేస్‌బుక్‌లో లైక్ పక్కన ఏడుపు మొహం వచ్చింది. అది నొక్కి, అదే వేలితో కిందికి జరిపేసి ఇంకో పోస్టుకి నవ్వేయొచ్చు. దాన్ని నేను ‘బొటనవేలి బాధ’ అంటాను. మీటింగ్‌లో కెమెరా ఆన్ అవగానే మొహానికి అంటుకుని, ఆఫ్ అవగానే రాలిపోయేది ‘అతుకుడు నవ్వు’.

ఇలాంటి మాటలు ఒక సంఘటనలోంచే పుడతాయని నా గట్టి నమ్మకం. పర్యావరణం మీద లేని ప్రేమ ఉన్నట్టు చూపించుకోవడాన్ని ‘గ్రీన్‌వాషింగ్’ అంటారు, దాని సంగతే చూడండి. పర్యావరణాన్ని కాపాడదాం, వాడిన తువ్వాలే మళ్ళీ వాడండి అని హోటళ్ళు పెట్టే చీటీల వెనక ఉన్నది ఖర్చు తగ్గించుకునే ఆలోచనేనని 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ రాశాడు, దానికి ఆ పేరు పెట్టాడు. అలా తువ్వాలు దగ్గర మొదలైన మాట ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీలకి తగులుతోంది. కూర్చుని ఆలోచించి తయారుచేసిన మాటలు నిలబడవు.

అక్క ఆ లామినేషన్ కాగితం ఏం చేశారో నేను అడగలేదు. కానీ అదే రోజు, రాత్రి కాపలా ఉండే అబ్బాయి చిన్న చీటీ రాసి ఆమె టేబుల్ మీద పెట్టి వెళ్ళాడు. ‘మేడం మీరు లేటుగా వెల్లేటపుడు లైట్లు ఆర్పి నాకు చెప్పి వెల్లేవారు. ఇంక ఎవరు చెప్తారు’ అని. అక్షరాల్లో తప్పులున్నాయి. అది మాత్రం ఇప్పటికీ ఆమె పర్సులోనే ఉంది, మడతల దగ్గర చిరుగుతోంది కూడా. అలాంటిదానికి ఏం పేరు పెట్టాలో మా ఇద్దరికీ ఇంకా తట్టలేదు. మీకెవరికైనా తడితే చెప్పండి.