జొనాథన్ డేవీస్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపింది రెండుసార్లు చదివాను. ఎంత కష్టపడ్డావో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ ఒకచోట మనసు ఒప్పలేదు, అది దాచి బాగుందని చెప్పలేను. వేల్స్ రగ్బీ ఆటగాడు డేవీస్ 1989 జనవరిలో, రగ్బీ రెండు రకాల్లో ఒకటైన యూనియన్ వదిలి, రెండోదైన లీగ్ ఆడటానికి ఇంగ్లండ్ క్లబ్ విడ్నెస్‌కి వెళ్లడం, 1995లో మళ్లీ యూనియన్ ఆడటానికి వేల్స్ క్లబ్ కార్డిఫ్‌కి తిరిగి రావడం, ఈ రెండూ ఒకే వాక్యంలో, ఐపీఎల్‌లో టీమ్ మారినంత తేలిగ్గా రాసేశావు.

వెళ్లేనాటికి అతనికి 26 ఏళ్లు. కొద్ది వారాల ముందే, 1988 డిసెంబర్లో, కార్డిఫ్‌లో సొంత జనం ముందు రొమేనియా చేతిలో 15-9తో ఓడిన వేల్స్ జట్టుకి అతనే కెప్టెన్. ఆ రోజుల్లో డబ్బు తీసుకుని లీగ్ ఆడినవాడిని యూనియన్ మళ్లీ గడప తొక్కనిచ్చేది కాదు. వేల్స్ ఎర్ర జెర్సీ ఇక ఈ జన్మకి లేదని తెలిసే అతను సంతకం పెట్టాడు, ఆ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు. 'డబ్బుకి ఆశపడి' అని మాత్రం ఉంది. ఆ మాట కొట్టేయ్. 1895లో ఇంగ్లండ్ ఉత్తరాదిన గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు శనివారం మ్యాచ్ కోసం పోగొట్టుకున్న కూలి ఇప్పించమంటే యూనియన్ పెద్దలు ఒప్పుకోలేదు, దాంతో అక్కడి క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్‌లో కూర్చుని వేరుపడ్డాయి, లీగ్ పుట్టింది అలాగే. ఇది రాస్తే డేవీస్ ఎందుకు వెళ్లాడో నువ్వు విడిగా చెప్పక్కర్లేదు.

1995 ఆగస్టులో యూనియన్ కూడా ఆటగాళ్లకి డబ్బు ఇవ్వొచ్చని ఒప్పుకుంది. అందుకే రాగలిగాడు. అప్పటికి 33 ఏళ్లు. మళ్లీ వేల్స్‌కి ఆడాడు కూడా.

ఇంకొకటి, 'రగ్బీ మన కబడ్డీ లాంటిదే' అన్నావు, అది వద్దు. ఉన్నది ఉన్నట్టు చూపించు. లీగ్‌లో పట్టుబడినవాడు లేచి నిలబడి, బంతిని నేలమీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లిస్తాడు. అలా ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలివాళ్లది. యూనియన్‌లో పడినవాడు బంతిని వదిలేయాలి, దానికోసం రెండు జట్లూ మీదపడి తోసుకుంటాయి. లీగ్‌లో జట్టుకి 13 మంది, యూనియన్‌లో 15. ఏళ్ల తరబడి పడగానే వదిలేసినవాడు, ఇప్పుడు వదలకుండా లేవడం ఒంటికి నేర్పుకోవాలి. ఈ తేడా మీద ఒక పేరా మొత్తం ఖర్చుపెట్టినా తప్పులేదు, ఎందుకంటే మన పాఠకుల్లో చాలామంది ఈ ఆట ఒక్కసారి కూడా చూసి ఉండరు.

1994 అక్టోబర్ 22న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరిగిన లీగ్ మ్యాచ్‌ని '8-4తో గ్రేట్ బ్రిటన్ గెలిచింది' అని ఒక్క ముక్కలో ముగించావు, నాకు నిజంగా బాధేసింది. కెప్టెన్ షాన్ ఎడ్వర్డ్స్‌ని రిఫరీ బయటికి పంపేశాడు, మిగిలింది 12 మంది, ఎదుట ఆస్ట్రేలియా. డేవీస్ బంతి అందుకుని, పాస్ ఇస్తున్నట్టు భ్రమపెట్టి, సందులోంచి దూసుకెళ్లి, అందరికన్నా వెనక కాపలా కాసే ఫుల్‌బ్యాక్ బ్రెట్ మలిన్స్ అడ్డంగా పరిగెత్తుకొస్తుంటే అతని బయటివైపునుంచి మూలకి దూకి, అవతలివాళ్ల గీత దాటాక బంతిని నేలకి తాకించి, అంటే ట్రై, పాయింట్లు తెచ్చాడు. ఆ పరుగు వీడియో దొరుకుతుంది. పది సార్లు చూడు, ఆపి ఆపి చూడు, ఆ తర్వాత రాయి.

ఆ ఒక్క పేరా ముందు పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

మీ అన్నయ్య