రికార్డులు చూడకుండా మెయిల్‌లో మాటలు మార్చకు

అమ్మాయ్,

నువ్వు పంపిన కొటేషన్ అవతలివాళ్ల స్పామ్‌లో పడి ఉందని చదివి బాధేసింది. సబ్జెక్టు లైను మార్చి, మాటలు మార్చి మళ్లీ మళ్లీ పంపుతున్నానన్నావు. ఆపెయ్ తల్లీ. ముందు డొమైన్ రికార్డులు చూడాలి, అంటే నీ డొమైన్ పేరు మీద డీఎన్‌ఎస్‌లో (ఇంటర్నెట్ పేర్ల చిరునామా పుస్తకంలో) రాసి ఉన్న వివరాలు.

నీకు మెయిల్ వచ్చే దారి వేరు, నువ్వు పంపేది వెళ్లే దారి వేరు. వచ్చేదానికి ఎంఎక్స్ రికార్డు, అంటే నీకొచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పేది. కంప్యూటర్‌లో డిగ్ అనే కమాండ్‌తోనో ఎన్‌ఎస్‌లుకప్‌తోనో అడిగితే కనబడుతుంది. పక్కనున్న అంకె ఎంత చిన్నదైతే ఆ సర్వర్‌కు అంత ముందు వెళ్తుంది. 20 కంటే 10 ముందు. అక్కడ సర్వర్ పేరే ఉండాలి, ఐపీ అడ్రస్ కాదు. వదిలేసిన పాత సర్వర్ పేరు మిగిలి ఉంటే తీసెయ్.

నీ ఇబ్బంది పంపే వైపు ఉంది. ఇక్కడ నేను చేసిన తప్పే చెబుతాను. ఒకసారి న్యూస్‌లెటర్ల కోసం కొత్త సర్వీసు తీసుకున్నాం. వాళ్లిచ్చిన ఎస్‌పీఎఫ్ లైను (మన డొమైన్ పేరుతో మెయిల్ పంపే అనుమతి ఏ సర్వర్లకుందో చెప్పేది) తెచ్చి, పాతది అలాగే ఉంచి, కింద రెండోదిగా పెట్టాను. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ ఒక్కటే ఉండాలి. రెండుంటే చదివే సర్వర్ ఏదీ ఎంచుకోదు, ఎర్రర్ అంటుంది. మా బిల్లులన్నీ స్పామ్‌లోకి పోయాయి. ఒక్క మెయిల్ కూడా తిరిగి రాలేదు, అందుకే వారం దాకా ఎవరికీ తెలియలేదు. మెయిల్ బౌన్స్ అయితే నయం, కనీసం తెలుస్తుంది. కాబట్టి కొత్త సర్వీసు వస్తే దాని ఇన్‌క్లూడ్‌ను (ఆ సర్వీసు సర్వర్లను చేర్చే మాటను) ఉన్న లైనులోనే కలుపు. ఆ లైను చదవడానికి డీఎన్‌ఎస్‌ను 10 సార్లకు మించి అడగాల్సి వచ్చినా ఎర్రరే. వాడటం మానేసిన సర్వీసులను తీసేస్తూ ఉండు.

డీకిమ్ అంటే మెయిల్ మీద వేసే సంతకం. దాన్ని సరిచూసేందుకు రికార్డులో పెట్టే కీ పొడుగ్గా ఉంటుంది, కాపీ చేసేటప్పుడు చివర తెగిపోతుంటుంది. అక్షరం అక్షరం సరిచూడు. నువ్వు మెయిల్ సర్వీసు వాడుతున్నావు కాబట్టి రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ అడ్రస్‌ను బట్టి సర్వర్ పేరు చెప్పేది) సంగతి వాళ్లే చూసుకుంటారు.

డీమార్క్ (ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో అవతలి సర్వర్‌కు చెప్పే రికార్డు) దగ్గర మాత్రం నిదానంగా ఆలోచించు. ఎస్‌పీఎఫ్ పాస్ అయినంత మాత్రాన చాలదు. ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో పాసైన ఒక్కదానిలోనైనా డొమైన్, ఫ్రమ్‌లో కనబడే నీ డొమైన్‌తో కలవాలి. చాలామందికి తేడా కొట్టేది ఇక్కడే. మొదట పాలసీ 'నన్' (ఏమీ చేయొద్దు) అని పెట్టి, రిపోర్టులు నీ మెయిల్‌కు వచ్చేలా చెయ్. కొన్ని వారాలు చదివాకే 'క్వారంటైన్' (స్పామ్‌లో పెట్టు)కు వెళ్లు. తొందరపడి 'రిజెక్ట్' (తిప్పికొట్టు) పెడితే నీ సొంత మెయిల్సే ఆగిపోవచ్చు. పెద్ద సంఖ్యలో పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాల్సిందేనని గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి అడుగుతున్నాయి. నువ్వు రోజుకు పది పంపినా సరే, పెట్టుకో.

మార్చే ముందు రోజే టీటీఎల్ (రికార్డును సర్వర్లు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 300 సెకన్లకు తగ్గించు, తప్పు జరిగితే త్వరగా వెనక్కి రావచ్చు. ఒకసారికి ఒక్క రికార్డే మార్చు, పాతది ఎక్కడైనా రాసిపెట్టుకో.

ముందుగా ఈ రాత్రే నీ జీమెయిల్‌కు ఒకటి పంపి, 'షో ఒరిజినల్' తెరువు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు లైన్లుంటాయి. ఏది ఫెయిల్ అయిందో, ఏది అసలు లేనే లేదో నాకు రాయి. ఆ జవాబు చూశాకే దేన్నైనా ముట్టుకుందాం.

ఆశీస్సులతో,
పెద్దనాన్న