రీసెట్ మెయిల్స్ స్పామ్‌లోకి, పాస్‌వర్డ్‌లు ఎండీ5లో: ముందు ఏది సరిచేయాలి?

పాత పీహెచ్‌పీ స్టూడెంట్ పోర్టల్‌లో పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్స్ చేరడం లేదు, పాస్‌వర్డ్‌లేమో ఎండీ5 అనే పాత హాష్ పద్ధతిలో (పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మార్చి దాచడం) ఉన్నాయి, ముందు దేన్ని పట్టుకోవాలని అడిగారు. ముందు మెయిలే అండీ.

వైజాగ్ ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పోర్టల్ చూసేవాణ్ని. మెయిల్ రాకపోయేసరికి పిల్లలు ఆఫీసుకు ఫోన్ చేసేవాళ్లు. కౌంటర్‌లో ఉన్నవాళ్లు అడిగిన ప్రతివాళ్లకీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి చెప్పేసేవాళ్లు. డేటాబేస్ తెరిస్తే అదే 32 అక్షరాల హాష్ వరుసల కొద్దీ కనిపించింది. సాల్ట్ (ప్రతి పాస్‌వర్డ్‌కూ విడిగా కలిపే ర్యాండమ్ అక్షరాలు) లేని ఎండీ5 కదా, ఒకే పాస్‌వర్డ్‌కు ఎప్పుడూ అదే హాష్ వస్తుంది. ఒకరిది తెలిస్తే అందరి అకౌంట్లూ తెరుచుకుంటాయి. మెయిల్ బాగుపడనంతకాలం ఆఫీసువాళ్లు ఇలాంటి అడ్డదారే తొక్కుతారు, వాళ్లను తప్పుపట్టలేం.

స్పామ్‌లో పడిన మెయిల్‌ను జీమెయిల్‌లో తెరిచి, మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి. మెయిల్ నిజంగా ఆ డొమైన్ తరఫునే వచ్చిందా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ చెక్‌లు పాసయ్యాయో ఫెయిలయ్యాయో పైనే ఉంటుంది. మా పోర్టల్ సొంత సర్వర్ నుంచి పంపుతూ, ఫ్రమ్‌లో సెంటర్ వాళ్ల జీమెయిల్ అడ్రస్ పెట్టేది. గూగుల్ సర్వర్ నుంచి రాని మెయిల్‌కు జీమెయిల్ పేరుంటే అనుమానించరా మరి! ఫ్రమ్‌లో సొంత డొమైన్ అడ్రస్ పెట్టి, పీహెచ్‌పీమెయిలర్ లైబ్రరీతో 587 పోర్టులో ఒక ఎస్‌ఎంటీపీ సర్వీసు (మెయిల్స్ పంపిపెట్టే సర్వీసు) ద్వారా పంపి, ఆ సర్వీసువాళ్లిచ్చిన రికార్డులు డీఎన్‌ఎస్‌లో (డొమైన్ సెట్టింగ్స్‌లో) చేర్చాక మెయిల్స్ ఇన్‌బాక్స్‌కే వెళ్లాయి. డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండోది పెడితే మొత్తం చెక్ ఫెయిలవుతుంది, కాబట్టి ఉన్నదాంట్లోనే కలపండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు పంపే ఎవరికైనా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలి. రోజుకు 5,000 మెయిల్స్ స్థాయిలో పంపేవాళ్లకు ఆ రెండూ, డీమార్క్ కూడా తప్పనిసరి.

ఇక పాస్‌వర్డ్‌లు. పీహెచ్‌పీ 5.5 నుంచి పాస్‌వర్డ్_హాష్ ఫంక్షన్ ఉంది, సాల్ట్ అదే చూసుకుంటుంది. డేటాబేస్‌లో పాస్‌వర్డ్ కాలమ్ సైజు 255 పెట్టండి. అందరూ లాగిన్ అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఇప్పుడున్న ఎండీ5 హాష్‌లనే ఆ ఫంక్షన్‌కిచ్చి, వచ్చినదాన్ని వాటి స్థానంలో దాచండి. ఇలా మార్చినవాటికి లాగిన్‌లో టైప్ చేసినదాన్ని ముందు ఎండీ5 చేసి, పాస్‌వర్డ్_వెరిఫైతో సరిచూడండి. సరిపోతే అసలు పాస్‌వర్డ్‌ను అప్పుడే కొత్తగా హాష్ చేసి దాచేసి, ఆ అకౌంట్ మారినట్టు గుర్తు పెట్టండి, తర్వాతి లాగిన్‌లో దానికి ఎండీ5 లేకుండా నేరుగా సరిచూడాలి.

మెయిల్‌లో పాస్‌వర్డ్ మాత్రం ఎప్పుడూ పంపకండి, లింకే పంపండి. లింక్‌లో ఉండే టోకెన్‌ను (రహస్య కోడ్‌ను) ర్యాండమ్_బైట్స్ ఫంక్షన్‌తో తయారుచేసి, డేటాబేస్‌లో దాని హాష్ మాత్రమే ఉంచండి. గంటలో గడువు తీరాలి, ఒక్కసారి వాడగానే చెల్లకుండా పోవాలి. ఆఫీసు స్క్రీన్‌లో పాస్‌వర్డ్ మార్చే బటన్ తీసేసి, అక్కడే 'రీసెట్ లింక్ పంపు' అని పెట్టండి. కౌంటర్‌లో వాళ్లకూ అదే సులువు.

పాత బ్యాకప్‌లలో ఎండీ5 హాష్‌లు అలాగే ఉంటాయి. అలాంటి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ బ్యాకప్) ఫైళ్లు ఏవైనా వెబ్ ఫోల్డర్‌లో పడి ఉన్నాయేమో ఈరోజే చూసి తీసేయండి.