మామిడి కొమ్మల మీద చీమల యుద్ధం

ప్రశ్న: మా తోటలో పక్కపక్క మామిడి చెట్లకు ఎర్రచీమలు ఆకులు కుట్టి గూళ్లు కట్టాయి. కొమ్మలు కలిసిన చోట రెండు దండులూ చచ్చేట్టు కొట్టుకుంటున్నాయి. ఎక్కువ చీమలున్న వైపే గెలుస్తుందా మేడమ్?
– ఒక రైతు, నూజివీడు

జవాబు: చాలాసార్లు గెలుస్తుంది. కానీ ఎంత సులువుగా గెలుస్తుందన్నది చోటును బట్టి ఉంటుంది. జువాలజీ పాఠాలు చెప్పిన రోజుల నుంచీ నాకెంతో ఇష్టమైన లెక్క ఇది.

ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1916లో సైన్యాల కోసం ఒక సూత్రం రాశాడు. దాన్ని 1993లో నైజెల్ ఫ్రాంక్స్, లూకాస్ పార్ట్రిడ్జ్ అనే పరిశోధకులు చీమలకు వర్తింపజేశారు. ఒకవైపు 100 చీమలు, మరోవైపు 50. విడివిడిగా ఒక్కో చీమ బలం సమానం. బయలు ప్రదేశమైతే నలుగురు ఒకరి మీద పడొచ్చు కాబట్టి, చివరిదాకా పోరాడితే పెద్ద దండులో సుమారు 87 మిగులుతాయి. ఇరుకు సందులో ఒకదానికొకటి ఎదురుపడితే మిగిలేది 50 మాత్రమే. అందుకే చిన్న దండుకు ఇరుకే రక్ష.

ఆస్ట్రేలియా పరిశోధకులు దీన్ని నిజం చీమలతోనే పరీక్షించి 2023లో ప్రచురించారు. ఒంటికి పెద్దవైన అక్కడి మాంసచీమలను, బయటి నుంచి వచ్చిపడిన, ఒంటికి చిన్నవైన అర్జెంటీనా చీమల గుంపులతో తలపడనిచ్చారు. అడ్డాలు పెట్టి సందులు చేసిన పెట్టెలో మాంసచీమలు ఖాళీ పెట్టెలోకన్నా తక్కువగా చచ్చాయి.

అసలు యుద్ధమే లేకుండా బలం తేల్చుకునేవీ ఉన్నాయి. అమెరికాలో అరిజోనా ఎడారి తేనెకుండ చీమల గురించి చీమల శాస్త్రవేత్త బెర్ట్ హోల్డోబ్లర్ 1976లో రాశాడు. రెండు పుట్టల నుంచి వందల చీమలు బయటికొస్తాయి. కాళ్లు నిటారుగా చాచి, పొట్ట పైకెత్తి, ఎదుటిదాని చుట్టూ తిరుగుతూ మీసాలతో తడతాయి. కొన్ని ఇంకా ఎత్తుగా కనబడాలని గులకరాయి ఎక్కి నిలబడతాయి! కాసేపటికి ఒకటి తగ్గుతుంది, రెండూ వేరే జోడీ వెతుక్కుంటాయి. ప్రాణనష్టం దాదాపు ఉండదు. ఎదుటి పుట్ట బాగా బలహీనమని తేలితే మాత్రం కథ మారుతుంది. పెద్ద పుట్ట దాడిచేసి రాణిని చంపుతుంది లేదా తరిమేస్తుంది, లార్వాలనూ ప్యూపాలనూ, ఒంటినిండా తేనె నింపుకున్న చీమలనూ తన పుట్టకు ఈడ్చుకుపోతుంది. కొత్తగా పెట్టిన చిన్న పుట్టలు ఇలా తుడిచిపెట్టుకుపోవడం తలచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక మీ చీమలు. వీటి కుటుంబం ఒక్కటే అనేక చెట్లకు వ్యాపించగలదు. ఇదే జాతి ఆస్ట్రేలియాలోనూ ఉంది. అక్కడ సరిహద్దు గూళ్లలో ఎక్కువగా ముసలి చీమలే కాపలా ఉంటాయని హోల్డోబ్లర్ గమనించాడు. లోపల పిల్లల్ని సాకే పని పడుచువాటిది. ముందు మీరొకటి చూడండి. రెండు చెట్ల చీమలు ఎదురైనప్పుడు మీసాలు తాకించుకుని దారిన పోతుంటే అది ఒకే కుటుంబం. పట్టుకుని కాళ్లు లాగుతుంటే వేరువేరు. వేరైతే, తాకుతున్న ఆ కొమ్మల్ని కత్తిరించండి, పోరు చాలావరకు సద్దుమణుగుతుంది. దయచేసి మందు కొట్టకండి. తేనెమంచు పురుగు సహా మామిడి తెగుళ్ల పురుగులెన్నిటినో ఇవి అదుపులో ఉంచుతాయి. రెండు దండులూ మీ తోటకు కావాలి.