ఓల్డ్ ఏల్ మొదలుపెట్టే ముందు మేనకోడలికి

చిరంజీవి తల్లికి, మామయ్య ఆశీస్సులు.

లీడ్స్‌లో నువ్వు చేస్తున్న బిట్టర్, పోర్టర్ బీర్లు బాగా కుదురుతున్నాయని మీ అమ్మ చెప్పింది. ఇప్పుడు ధాన్యం నుంచే ఓల్డ్ ఏల్, అంటే ముదురు రంగు, బలమైన ఇంగ్లిష్ బీరు, చేయాలనుకుంటున్నావని, కొలతలు పంపమని అడిగావు. పంపుతాను. అయితే ఏడు శాతం ఆల్కహాలు ఉండే ఏల్ మంచిచెడ్డలు తేలేది ధాన్యం దగ్గర కాదు, ఈస్టు దగ్గర. నువ్వు అడగనిది అదే కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

ముందుగా, ఏ రుచి కావాలో నాలుకకు తెలియాలి. మీ యార్క్‌షైర్‌లోనే మాషమ్ ఊళ్ళో థీక్‌స్టన్ బ్రూవరీ చేసే ఓల్డ్ పెక్యులియర్ ఉంది. దాని బలం 5.6 శాతమే అయినా దారి అదే. పబ్‌లో సగం పైంటు తీసుకుని, అది గది వేడికి వచ్చేదాకా ఆగి, నెమ్మదిగా తాగి చూడు. ఎండుద్రాక్ష, ముదురు బెల్లం వాసనలు వస్తాయి. మాడు వాసన మాత్రం రాదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. రంగు నల్లగా ఉంది కదా అని నల్లగా వేయించిన మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) గుమ్మరిస్తారు. 1817లో డేనియల్ వీలర్ డ్రమ్ములో మాల్టు వేయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక, కొద్ది మాల్టుతోనే ఎంత నలుపైనా తెచ్చుకోవడం సాధ్యమైంది. ఆ కొద్దిని కొద్దిగానే ఉంచు.

ఇరవై లీటర్లకు మారిస్ ఆటర్ అనే బార్లీ రకం పేల్ మాల్టు ఆరున్నర కిలోలు, పాకం రుచినిచ్చే క్రిస్టల్ మాల్టు 400 గ్రాములు, ముదురుగా వేయించిన చాక్లెట్ మాల్టు 120 గ్రాములు, మరిగేటప్పుడు కలపడానికి బ్లాక్ ట్రీకిల్ (చక్కెర తయారీలో మిగిలే నల్లటి పాకం) 200 గ్రాములు. ట్రీకిల్‌కు బదులు మన నల్లబెల్లం వేయవచ్చా అని నువ్వు తప్పక అడుగుతావు. వేయవచ్చు, నాకు ఇష్టం కూడా. అయితే అంతకు మించి వద్దు. చక్కెర దాదాపు పూర్తిగా పులిసిపోతుంది కాబట్టి ఎక్కువైతే ఏల్‌కు చిక్కదనం ఉండదు.

లీడ్స్ నీళ్ళు మెత్తనివి. మొత్తం 33 లీటర్లు పట్టి, క్లోరిన్ పోగొట్టే కాంప్‌డెన్ మాత్ర సగం పొడి చేసి కలుపు. క్లోరిన్ పోకపోతే ఏల్‌కు ఆసుపత్రి మందు రుచి వస్తుంది. తరవాత ఐదు గ్రాముల కాల్షియం క్లోరైడ్ కలుపు. దాంతో రుచి గుండ్రంగా వస్తుంది. ఇంగ్లండులోని బర్టన్ ఊరి బ్రూవరీల నీళ్ళలా జిప్సం లవణం దట్టిస్తే చేదు పదునెక్కుతుంది. అది పేల్ ఏల్‌కు అందం, దీనికి కాదు.

మా అమ్మ రాగి మాల్టు కోసం రాగులు నానబెట్టి, మొలకెత్తించి ఆరబెట్టేది చూశావు కదా, బార్లీ మాల్టు కూడా అంతే. మొలకలో పుట్టిన ఎంజైములు వేడి నీళ్ళలో పిండిని చక్కెరగా మారుస్తాయి. 17 లీటర్ల నీళ్ళు 75 డిగ్రీలకు కాచి, మరపట్టిన మాల్టును ఉండలు కట్టకుండా అందులో కలిపితే 67 దగ్గర నిలుస్తుంది. గంటన్నర మూతపెట్టి దుప్పటి చుట్టు. తరవాత మిగతా నీళ్ళను 76 డిగ్రీలకు కాచి పైన పోస్తూ తీపి నీరు దించుకో. అంతకన్నా వేడి నీళ్ళు పోస్తే పొట్టులోని వగరు దిగుతుంది. ఆ గింజల్లో ఇంకా చాలా తీపి మిగిలి ఉంటుంది, పారేయకు. మరో ఎనిమిది లీటర్లు పోసి విడిగా దించుకుంటే తేలికపాటి చిన్న బీరు వస్తుంది. పాతకాలం ఇంగ్లండులో ఒకే మాష్ (వేడి నీళ్ళలో నానిన మాల్టు) నుంచి బలమైనదీ తేలికైనదీ రెండూ తీసేవారు.

తొంభై నిమిషాలు మరిగించు. చివరి గంట మిగిలి ఉండగా చేదు కోసం ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ రకం హాప్స్ పూలు 80 గ్రాములు వేయి. చివర్లో వాసన కోసం మళ్ళీ వేయనక్కర్లేదు, నెలల తరబడి నిలవ ఉండేసరికి ఆ వాసన పోతుంది. మరిగే ఇరవై లీటర్ల గిన్నెను ఒంటరిగా ఎత్తకు. కింద కుళాయి ఉన్న గిన్నె కొనుక్కో.

ఇక ఈస్టు. ఇంత చిక్కటి తీపి నీళ్ళలో దిగడం దానికి పెద్ద కష్టం. మామూలు బిట్టర్‌కు ఒక 11 గ్రాముల ప్యాకెట్టు చాలు, దీనికి రెండు కావాలి. వోర్ట్ (మరిగించిన తీపి నీరు) 18 డిగ్రీలకు చల్లారాక, ఈస్టు వేయడానికి ముందు, బాగా నురగ వచ్చేలా ఐదు నిమిషాలు చిలుకు. పెరగడానికి ఈస్టుకు ఆక్సిజన్ కావాలి. గాలి అవసరం ఆ ఒక్క సమయంలోనే. పులియడం మొదలయ్యాక గాలి తగిలితే పాడవుతుంది.

మొదటి మూడు రోజులు 18 దాటనివ్వకు. పులిసేటప్పుడు పుట్టే వేడికి లోపల ఉష్ణోగ్రత గదికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది కాబట్టి థర్మామీటరును బకెట్టుకే అంటించు. వేడెక్కితే ఘాటైన ఆల్కహాళ్ళు పుట్టి, వార్నిష్ వాసన వస్తుంది. ఎన్ని నెలలు ఆగినా అది పూర్తిగా పోదు. నాలుగో రోజు నుంచి 20 దాకా పెరగనివ్వు. లీడ్స్ చలిలో షెడ్డులో ఉంచితే నీళ్ళ తొట్టిలో బకెట్టు దించి, చేపల తొట్టిలో వాడే చిన్న హీటరు పెట్టు. నురగ పొంగి పోతుంది, మూతకు లావుపాటి గొట్టం తగిలించు.

ఇంగ్లిష్ ఈస్టుకు తొందరగా అడుగుకు చేరే గుణం ఉంది. సాంద్రత (మంచి నీళ్ళది 1.000, తీపి పులిసేకొద్దీ దిగుతుంది) 1.030 దగ్గర ఆగిపోతే కంగారు పడకు. బకెట్టును మెల్లగా తిప్పి ఈస్టును లేపు, ఒక డిగ్రీ వేడి పెంచు. బుడగలు ఆగాయని నమ్మవద్దు, సాంద్రత కొలిచే హైడ్రోమీటరునే నమ్ము. మూడు రోజుల తేడాతో రెండుసార్లు 1.018 దగ్గర ఒకే అంకె వస్తే అయినట్టు.

తరవాత ఏల్‌ను గాలి కలవకుండా మెల్లగా గాజు జాడీలోకి దించి, గొంతు దాకా నింపి, చల్లటి చీకటి చోట నాలుగు నెలలు ఉంచు. ప్లాస్టిక్ బకెట్టులో అన్నాళ్ళు ఉంచకు, అందులోంచి గాలి దూరుతుంది. ఒకప్పటి స్టాక్ ఏల్స్‌కు (నిలవ ఉంచే ఏల్స్‌కు) ఓక్ పీపాల్లో వచ్చే ప్రత్యేకమైన రుచికి కారణం బ్రెట్టనోమైసిస్ అనే ఈస్టు అని 1904లో కార్ల్స్‌బర్గ్‌లో క్లాసెన్ తేల్చాడు. అది నీ గొట్టాల్లో చేరితే వదిలించడం కష్టం. ఇప్పుడే దాని జోలికి పోవద్దు.

సీసాల్లో నింపేటప్పుడు 18 లీటర్లకు 70 గ్రాముల చక్కెర, చిటికెడు కొత్త ఈస్టు కలుపు. పాత ఈస్టు అప్పటికి అలసిపోయి ఉంటుంది. చక్కెర మరీ ఎక్కువైతే సీసాలు పేలవచ్చు. మందపాటి బీరు సీసాలే వాడు.

1963లో ఆర్థికమంత్రి మాడ్లింగ్ లైసెన్సు నిబంధన ఎత్తేసినప్పటి నుంచి బ్రిటన్‌లో సొంతానికి బీరు చేసుకోవచ్చు, అమ్మకూడదు. మన ఊళ్ళో ఎక్సైజ్ చట్టం వేరు, సెలవులకు వెళ్ళినప్పుడు అక్కడ చేసి చూపించాలని సరదాపడకు. అర లీటరు సీసాలో మూడున్నర యూనిట్ల ఆల్కహాలు ఉంటుంది (యూనిట్ అంటే బ్రిటన్ లెక్కలో 10 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు). ఇద్దరు పంచుకుంటే చాలు, ఆ రాత్రి కారు తీయవద్దు.

ఈస్టు వేసే ముందు సాంద్రత చూసి నాకు ఫోను చెయ్యి. 1.072 రావాలి. 1.065 కన్నా తక్కువైతే మరో పావుగంట మరిగించి చిక్కబరచు, చక్కెరతో సరిచేయకు.

ఇట్లు
మామయ్య